మహీంద్రా బండ్లు: ఎస్‌యూవీలు, ట్రాలీలు, లారీల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బండి కొనాలనుకునే చుట్టాలు, స్నేహితులు అడిగే ప్రశ్నలు ఎప్పుడూ దాదాపు అవే. అందులోనూ మహీంద్రా గురించి సందేహాలు ఎక్కువ. ఒకే పేరుతో రెండు మూడు బండ్లు ఉంటాయి, పాత బండి కొత్త పేరుతో వస్తుంది, బయటికి చూస్తే అన్నీ ఎత్తుగా, గట్టిగానే కనిపిస్తాయి. కానీ కింద నిర్మాణం వేరు, సీట్లు వేరు, పడే పన్ను కూడా వేరు. పేరు చూసో, పక్కింటివాళ్లు కొన్నారనో కొని తర్వాత ఇబ్బంది పడుతున్న ఇళ్లు చాలా ఉన్నాయి. అందుకే ఈ ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ధరలు తరచూ మారతాయి కాబట్టి వాటి జోలికి పోలేదు.

## ముందుగా, కంపెనీ సంగతి

మహీంద్రా మొదటి నుంచీ జీపుల కంపెనీయేనా?

కాదు. 1945లో ఉక్కు వ్యాపారంతో మొదలైంది. జె.సి. మహీంద్రా, కె.సి. మహీంద్రా అన్నదమ్ములు, వాళ్లతో పాటు మాలిక్ గులాం మహమ్మద్ కలిసి పెట్టిన కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. దేశ విభజన తర్వాత గులాం మహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి ఆ దేశానికి మొదటి ఆర్థిక మంత్రి అయ్యారు, తర్వాత గవర్నర్ జనరల్ కూడా అయ్యారు. 1948లో కంపెనీ మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. దాదాపు అదే కాలంలో విల్లీస్ జీపులు తెప్పించి ఇక్కడ బిగించడం మొదలుపెట్టారు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు మన ఊళ్లలో జీపంటే మహీంద్రాయే. 2000లో బొలెరో వచ్చింది, 2002లో స్కార్పియో వచ్చింది. స్కార్పియోను కంపెనీ తన సొంత ఇంజినీర్లతో కాగితం మీద గీత నుంచి తయారు చేసుకుంది. ఇప్పుడు రోడ్డు మీద కనిపించే మహీంద్రా ఎస్‌యూవీలన్నిటికీ దారి వేసింది అదే.

మన దగ్గర తయారయ్యే మహీంద్రా బండ్లు ఉన్నాయా?

ఉన్నాయి. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్‌లో మహీంద్రాకు ఫ్యాక్టరీలు ఉన్నాయి. ఈ చోటుకు పాత చరిత్ర ఉంది. ఫ్రిజ్‌లు, వాచీలు, బస్సు బాడీలకు పేరుపడ్డ హైదరాబాద్ ఆల్విన్, జపాన్‌కు చెందిన నిస్సాన్‌తో కలిసి ఇక్కడ చిన్న లారీలు తయారు చేసేది. 1980ల చివర్లో ఆల్విన్ నిస్సాన్ మహీంద్రా చేతికి వచ్చింది. 2015లో వచ్చిన జీతో మినీ ట్రక్కు జహీరాబాద్ బండే. ట్రాక్టర్ల ఫ్యాక్టరీ కూడా అక్కడే ఉంది. స్కార్పియో ఎన్, ఎలక్ట్రిక్ ఎస్‌యూవీల లాంటివి మాత్రం మహారాష్ట్రలోని చకన్ నుంచి వస్తాయి. థార్ పుట్టిల్లు నాసిక్.

మహీంద్రాలో చిన్న కారు, సెడాన్ దొరకవా?

ఇప్పుడు దొరకవు. ఒకప్పుడు రెనోతో కలిసి 2007లో లోగన్ సెడాన్ తెచ్చారు, అదే తర్వాత వెరిటో అయింది. 2010లో బెంగళూరు కంపెనీ రేవాను కొని చిన్న ఎలక్ట్రిక్ కార్లు అమ్మారు. కేయూవీ 100 కూడా కొన్నాళ్లు నడిచింది. అవన్నీ ఆగిపోయాయి. ఇప్పుడు సొంత వాడకానికి ఎస్‌యూవీలు, సరుకుకు ట్రాలీలు, లారీలు. అంతే. డిక్కీ ఉన్న సెడానే కావాలనుకుంటే వేరే కంపెనీ చూసుకోవాలి.

## ఏ బండి ఎవరికి

అన్నీ ఎత్తుగానే ఉన్నాయి కదా, అసలు తేడా ఎక్కడుంది?

బండి కింద ఉంది. బొలెరో, బొలెరో నియో, స్కార్పియో, థార్ – వీటికి కింద ఇనుప చట్రం ఉంటుంది. నిచ్చెనను నేల మీద పడుకోబెట్టినట్టు రెండు పొడవాటి దూలాలు, మధ్యలో అడ్డపట్టీలు. దాని మీద బాడీ విడిగా కూర్చుంటుంది. దీన్నే ల్యాడర్ ఫ్రేమ్ అంటారు. గుంతలు, పొలం గట్లు, బరువులు ఇది బాగా తట్టుకుంటుంది. అయితే బండి బరువెక్కుతుంది, మలుపుల్లో కాస్త ఊగుతుంది.

ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ, ఎక్స్‌యూవీ 700 (2026లో దీన్ని మార్చి ఎక్స్‌యూవీ 7ఎక్స్‌ఓ అని పేరు పెట్టారు) లాంటివి మోనోకాక్. బాడీయే చట్రం, రెండూ విడిగా ఉండవు. హైవే మీద కుదురుగా ఉంటాయి, లోపల చోటు ఎక్కువ దొరుకుతుంది, ఎక్కడం దిగడం తేలిక. బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ లాంటి ఎలక్ట్రిక్ బండ్లది మూడో కుటుంబం. వీటికి నేల కింద పరిచిన బ్యాటరీ చుట్టూ కొత్త ప్లాట్‌ఫామ్ కట్టారు.

మీ బండి నెలలో ఎక్కువ రోజులు ఎలాంటి రోడ్డు మీద తిరుగుతుందో ముందు తేల్చుకోండి. తారు రోడ్డే అయితే ల్యాడర్ ఫ్రేమ్ వల్ల మీకు రోజూ ఒరిగేది పెద్దగా లేదు.

బొలెరో, బొలెరో నియో ఒకటేనా?

పేరు కలిసింది గానీ బండ్లు వేరు. నియో అంటే 2015లో టీయూవీ 300గా వచ్చిన బండి. 2021లో మార్పులు చేసి బొలెరో నియో అని పేరు పెట్టారు. రెండిటిలోనూ 1.5 లీటర్ల 3 సిలిండర్ల డీజిల్ ఇంజనే, రెండూ వెనక చక్రాలతో నడిచేవే. బొలెరో ఇంజన్ సుమారు 75 హార్స్‌పవర్, నియోది 100. నియోలో కూర్చున్నప్పుడు, నడిపినప్పుడు కాస్త కారులా ఉంటుంది. పాత బొలెరో మొరటుగా ఉన్నా ఏ మండల కేంద్రంలోనైనా దాన్ని విప్పి బిగించగల మెకానిక్ దొరుకుతాడు. పల్లెల్లో పనులకు తిరిగే కాంట్రాక్టర్లు, విత్తనాల డీలర్లు ఇప్పటికీ దాన్నే కొంటున్నారంటే కారణం అదే.

పిల్లలున్న ఇంటికి మాత్రం ఈ రెండూ సలహా ఇవ్వలేను. బండిని గుద్దించి భద్రతకు 5 దాకా స్టార్లు ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో 2024లో బొలెరో నియోకు 1 స్టారే వచ్చింది. పైగా వెనక చివరి సీట్లు పక్కకు తిరిగి ఉంటాయి.

స్కార్పియో ఎన్ తీసుకోవాలా, క్లాసిక్ తీసుకోవాలా?

క్లాసిక్ అంటే 2002 నుంచి మారుతూ వస్తున్న పాత స్కార్పియో. ఒకే ఇంజన్: 2.2 లీటర్ల డీజిల్, 132 పీఎస్ (పీఎస్ అంటే దాదాపు హార్స్‌పవరే). గేర్లు మాన్యువల్ మాత్రమే. స్కార్పియో ఎన్ 2022లో కొత్త చట్రం మీద వచ్చింది. డీజిల్‌లో 132, 175 పీఎస్ రెండు స్థాయిలున్నాయి. 2 లీటర్ల టర్బో పెట్రోల్ 203 పీఎస్ దాకా ఇస్తుంది. ఆటోమేటిక్ ఉంది, డీజిల్‌లో ఫోర్ బై ఫోర్ (ఇంజన్ బలం నాలుగు చక్రాలకూ వెళ్లడం) ఉంది.

క్లాసిక్ రూపం మీద మన వాళ్లకు ఉన్న మోజు నాకు తెలుసు. రాయలసీమలో, పల్నాడులో తెల్ల స్కార్పియో దిగితే దానికుండే ఠీవి వేరు. అయినా 120 దాటిన వేగంలో బ్రేకు వేసినప్పుడు, మలుపు తిప్పినప్పుడు బండి ఎంత మాట వింటుంది అనేది లెక్కలోకి తీసుకుంటే ఎన్ చాలా ముందుంది. డబ్బు కుదిరితే ఎన్ తీసుకోండి. పొడవు 4.66 మీటర్లు కాబట్టి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మీ పార్కింగ్ గీతల మధ్య పడుతుందో లేదో టేపు పట్టి కొలుచుకోండి.

మా ఇంట్లో ఏడుగురం. ఏడు సీట్లు అని రాసి ఉంటే ఏడుగురం నిజంగా కూర్చోగలమా?

అందరూ ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. బొలెరో, నియోల్లో వెనకవి పక్కకు తిరిగిన చిన్న సీట్లు. పక్క ఊరికి సరే, హైదరాబాద్ నుంచి శ్రీశైలం ఘాట్ రోడ్డు మీదైతే అక్కడ కూర్చున్న వాళ్లకు వాంతులు ఖాయం. స్కార్పియో ఎన్‌లో మూడో వరస ముందుకే తిరిగి ఉంటుంది, కానీ పెద్దవాళ్లకు మోకాళ్లు ముందు సీటుకు ఆనతాయి, ఆ వరసకు విడిగా ఏసీ గాలి రంధ్రాలు లేవు. మే నెలలో ఆ సీటులో కూర్చున్న వాళ్ల పరిస్థితి ఊహించుకోండి. మూడో వరస ఎత్తి ఉంచితే సామాను పెట్టడానికి డిక్కీ దాదాపు మిగలదు, ఏడుగురి బ్యాగులు పైన క్యారియర్ మీదకే వెళ్లాలి.

ఎక్స్‌యూవీ 700 (ఇప్పుడు 7ఎక్స్‌ఓ) ఈ విషయంలో నయం. మూడో వరసకు ఏసీ వస్తుంది, నేల కాస్త తక్కువ ఎత్తులో ఉంటుంది. ఎలక్ట్రిక్‌లో ఏడు సీట్ల ఎక్స్‌ఈవీ 9ఎస్ 2025 నవంబరులో వచ్చింది.

షోరూమ్‌కు ఒక్కరే వెళ్లకండి. అమ్మానాన్నల్ని, అత్తగారిని తీసుకెళ్లండి. చీర కట్టుకున్న మనిషి మధ్య సీటు మడిచి వెనక్కి ఎక్కగలుగుతుందా, మోకాళ్ల నొప్పులున్న నాన్న ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టి ఒళ్లు పైకి లాక్కోగలరా, అక్కడే తేలిపోతుంది. సేల్స్‌మన్ తొందరపెట్టినా పది నిమిషాలు వెనక సీట్లో కూర్చునే దిగండి.

ఇంటికంతా కలిపి థార్ ఒక్కటే ఉంటే సరిపోతుందా?

మూడు తలుపుల థార్ అయితే సరిపోదు. నాలుగు సీట్లే. వెనక కూర్చోవాలంటే ముందు సీటు మడిచి, వంగి లోపలికి దూరాలి. సామానుకు చోటు నామమాత్రం. ఇంట్లో ఇంకో కారు ఉండి, ఇది సరదాకు, అడవి దారులకు అయితే నిక్షేపంగా కొనుక్కోండి.

ఒక్క బండే కొనగలిగితే థార్ రాక్స్ చూడండి. 2024 ఆగస్టు 15న వచ్చింది. అయిదు తలుపులు, అయిదు సీట్లు. రెండు ఇరుసుల మధ్య దూరం థార్‌లో 2,450 మిల్లీమీటర్లు, రాక్స్‌లో 2,850. ఆ తేడా అంతా వెనక కూర్చున్న వాళ్ల కాళ్లకు, డిక్కీకి వెళ్లింది. ఎక్కడానికి మాత్రం ఇదీ ఎత్తే.

సిటీలో ఆఫీసుకు, నెలకోసారి ఊరికి. చిన్నగా, మంచిగా ఏదైనా ఉందా?

ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ. 4 మీటర్ల లోపు పొడవు, అయిదు సీట్లు, ముందు చక్రాలతో నడుస్తుంది. 2024లో ఎక్స్‌యూవీ 300ను మార్చి ఈ పేరుతో తెచ్చారు. 1.2 లీటర్ల టర్బో పెట్రోల్‌లో 111, 131 పీఎస్ రెండు రకాలు. 1.5 డీజిల్ 117 పీఎస్, 300 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే లాగే బలం. ఆ సైజు బండికి ఇది చాలా ఎక్కువ బలం. మహీంద్రా మొత్తంలో మామూలు చిన్న కుటుంబానికి నేను మొదట చెప్పే పేరు ఇదే. టర్బో పెట్రోల్ ఆకలి ఎక్కువ, అమీర్‌పేట ట్రాఫిక్‌లో మైలేజీ చూసి గాబరా పడకండి.

ఫోర్ బై ఫోర్ తీసుకోమని అందరూ అంటున్నారు. అవసరమా?

ఎక్కువ మందికి అవసరం లేదు. నల్లరేగడిలో వాన పడ్డాక పొలానికి వెళ్లాల్సినవాళ్లకు, అరకు, మారేడుమిల్లి వైపు మట్టి దారుల్లో తరచూ తిరిగేవాళ్లకు, ఇసుకలో దిగేవాళ్లకు పనికొస్తుంది. థార్, రాక్స్ డీజిల్, స్కార్పియో ఎన్ డీజిల్‌లలో ఇది దొరుకుతుంది. ధర, బరువు, డీజిల్ ఖర్చు మూడూ పెరుగుతాయి.

కొన్నవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి. థార్‌లో గేర్ పక్కన ఉండే చిన్న లివర్‌ను ఫోర్ హైలో పెట్టి పొడి తారు రోడ్డు మీద తిప్పకూడదు. ముందు, వెనక చక్రాలు ఒకే వేగంతో తిరగాల్సి వచ్చి మలుపులో బండి బిగుసుకుంటుంది, లోపలి పళ్లచక్రాలు దెబ్బతింటాయి. ఫోర్ లో అనేది బురదలోంచి, నిట్టనిలువు ఎత్తు మీదకి నెమ్మదిగా లాగడానికి మాత్రమే.

పెట్రోలా, డీజిలా?

ఏడాదికి 15 వేల కిలోమీటర్లు దాటి, అందులో ఎక్కువ హైవే అయితే డీజిల్. మహీంద్రా బలం డీజిల్ ఇంజన్లలోనే ఉంది. రోజూ అయిదారు కిలోమీటర్లు పిల్లల్ని స్కూల్లో దించడానికే అయితే డీజిల్ వద్దు. ఇంజన్ వేడెక్కే లోపే ఆపేస్తుంటే పొగ గొట్టంలో ఉండే డీపీఎఫ్ ఫిల్టర్ మసితో పూడుకుపోతుంది.

క్రాష్ టెస్టుల్లో ఏవి మంచివి?

మన దేశపు పరీక్ష భారత్ ఎన్‌క్యాప్‌లో ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ, థార్ రాక్స్, బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈలకు 5 స్టార్లు వచ్చాయి. ఎక్స్‌ఈవీ 9ఈకి పెద్దల భద్రతలో 32కు 32 మార్కులు. గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో ఎక్స్‌యూవీ 700కు 5, మూడు తలుపుల థార్‌కు 4. స్కార్పియో ఎన్‌కు పెద్దల విషయంలో 5, పిల్లల విషయంలో 3.

అదే స్కార్పియో ఎన్‌కు 2023లో ఆస్ట్రేలియా పరీక్షలో సున్నా స్టార్లు వచ్చాయి. తనంతట తానే బ్రేకు వేసే వ్యవస్థ లాంటివి అక్కడ మార్కుల్లో కలుస్తాయి, ఆ విభాగంలో బండికి సున్నా పడింది. తర్వాత 2025లో ఇక్కడ పై వేరియంట్‌లో ఆ టెక్నాలజీ తెచ్చారు. ఎన్ని స్టార్లు అని అడిగేటప్పుడు ఏ పరీక్షలో, ఏ ఏడాది, ఏ వేరియంట్ అని కూడా అడగండి. ఎన్ని స్టార్లున్నా వెనక సీట్లో బెల్టు పెట్టుకోకపోతే ఆ స్టార్లు మీకు పనిచేయవు.

## ధర, బుకింగ్ దగ్గర

ఒకే షోరూమ్‌లో ఒక బండికి జీఎస్టీ 18 శాతం, ఇంకోదానికి 40 శాతం ఎందుకు?

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. పొడవు 4 మీటర్ల లోపు ఉండి, పెట్రోల్ ఇంజన్ 1200 సీసీ లేదా డీజిల్ 1500 సీసీ మించకపోతే 18 శాతం. ఈ గీత దాటిన కార్లు, ఎస్‌యూవీలన్నిటికీ 40 శాతం. మునుపటి సెస్సు ఎత్తేశారు. ఎలక్ట్రిక్ బండ్లకు 5 శాతమే. సరుకు రవాణా ట్రక్కులకు 28 నుంచి 18కి తగ్గింది.

దీని ప్రకారం బొలెరో, నియో, 3ఎక్స్‌ఓ 18 శాతంలోకి వస్తాయి. మూడు తలుపుల థార్‌లో 1.5 డీజిల్‌కు 18, అదే బండి 2.2 డీజిల్‌కు 40. స్కార్పియో, రాక్స్, ఎక్స్‌యూవీ 700 (ఇప్పుడు 7ఎక్స్‌ఓ) అన్నీ 40. థార్ కొనేవాళ్లు ఫోర్ బై ఫోర్ కావాలా వద్దా అని ఆలోచించేటప్పుడు ఈ పన్ను తేడానూ కలిపి లెక్కేసుకోండి.

ఆన్‌రోడ్ ధర అడిగితే లక్షలు పెరిగిపోతోంది. ఏవి తప్పనిసరి, ఏవి వద్దనొచ్చు?

లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు, హై సెక్యూరిటీ నంబర్ ప్లేటు, ఇన్సూరెన్సు, ఫాస్టాగ్ తప్పవు. ఇన్సూరెన్సు మాత్రం షోరూమ్‌లోనే తీసుకోవాలని రూలు లేదు, బయట ధర కనుక్కుని వెళ్లండి. సీటు కవర్లు, మ్యాట్లు, కోటింగు, అదనపు వారంటీ మీ ఇష్టం. కొటేషన్ కాగితం మీద ఒక్కో వరస విడిగా రాయించుకోండి. మొత్తం ఒకే అంకె వేసిచ్చే కాగితం తీసుకోకండి.

బేస్ వేరియంట్ తీసుకుని బయట ఫిట్టింగులు చేయించుకుంటే లాభమా?

స్టీరియో, సీటు కవర్ల వరకు సరే. ఎయిర్‌బ్యాగులు, వెనక వైపర్, కెమెరా, ఆటోమేటిక్ బ్రేకు లాంటివి తర్వాత పెట్టించుకునేవి కావు. వైరింగ్ కోస్తే ఎలక్ట్రికల్ వారంటీ చిక్కుల్లో పడుతుంది. సన్‌రూఫ్ కోసం పై వేరియంట్‌కు ఎగబాకే బదులు భద్రతా పరికరాలు పూర్తిగా ఉన్న మధ్య వేరియంట్ దగ్గర ఆగడం మేలు.

## ఎలక్ట్రిక్ బండ్లు

ఒక్క చార్జింగ్‌కు 682 కిలోమీటర్లు అని ప్రకటనలో ఉంది. నిజంగా అంత వస్తుందా?

రాదు. అది ల్యాబులో కొలిచిన అంకె. బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈలకు 59 యూనిట్లు, 79 యూనిట్లు పట్టే బ్యాటరీలు ఉన్నాయి. 79 యూనిట్ల బీఈ 6కు ఆ 682 అంకె. రోడ్డు మీద 500 దాటుతుందని కంపెనీయే వేరుగా చెబుతుంది. ఏసీ వేసి, నలుగురితో, వందకు పైన నడిపితే ఇంకా తగ్గుతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు, నిశ్చింతగా వెళ్లిపోవచ్చు. తిరుపతి 550 పైనే, మధ్యలో ఒకసారి ఆగి చార్జింగ్ పెట్టుకునేలా ప్లాన్ వేసుకోండి.

20 నిమిషాల్లో చార్జింగ్ అవుతుందట కదా?

175 కిలోవాట్ల చార్జర్ దొరికితే 79 యూనిట్ల బ్యాటరీ 20 నుంచి 80 శాతం దాకా 20 నిమిషాల్లో ఎక్కుతుంది. హైవేల మీద అంత పెద్ద చార్జర్లు తక్కువ. 60 కిలోవాట్ల దగ్గర అదే పనికి ముప్పావు గంట పైన, 30 కిలోవాట్ల దగ్గర గంటన్నర పైన పడుతుంది. టిఫిన్ టైముకు ఒకటి, భోజనం టైముకు ఒకటి పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

ఇంట్లో చార్జింగ్‌కు ఏం చేయించుకోవాలి?

7.2 కిలోవాట్ల చార్జర్‌తో 79 యూనిట్ల బ్యాటరీ ఖాళీ నుంచి నిండటానికి 11, 12 గంటలు పడుతుంది. రాత్రి పెట్టి పొద్దున్నే తీసుకోవచ్చు. మామూలు ఇంటి మీటరుకు ఆ భారం ఎక్కువ. డిస్కంకు దరఖాస్తు పెట్టి లోడు పెంచుకోండి, చాలా చోట్ల త్రీఫేజ్ చేయించుకోవాల్సి వస్తుంది. 11.2 కిలోవాట్ల చార్జర్‌కైతే త్రీఫేజ్ తప్పదు. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. అపార్ట్‌మెంట్‌లో ఉంటే అడ్వాన్సు కట్టకముందే అసోసియేషన్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. బండి వచ్చాక వైరు లాగనివ్వకపోతే ఆ గొడవ ఓ పట్టాన తెగదు.

బ్యాటరీ పాడైతే బండి ధర అంత అవుతుందని భయం.

బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈల బ్యాటరీకి, సొంత వాడకానికి రిజిస్టర్ చేసుకున్న మొదటి యజమాని దగ్గర ఉన్నన్నాళ్లు వారంటీ ఇచ్చారు. చేతులు మారితే 10 ఏళ్లు లేదా 2 లక్షల కిలోమీటర్లు. ట్యాక్సీగా తిప్పితే నిబంధనలు వేరు. వారంటీ పుస్తకంలో ఏ పరిస్థితుల్లో వర్తించదో ఆ పేజీ చదివాకే సంతకం పెట్టండి.

తెలంగాణలో ఎలక్ట్రిక్ బండికి లైఫ్ ట్యాక్స్ లేదా?

2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించారు. ఇరవై లక్షల పైన ఉండే బండి మీద ఇది చిన్న మొత్తం కాదు.

## సరుకు బండ్లు

బొలెరో ట్రాలీల్లో ఇన్ని రకాలేంటి?

మదనపల్లె టమాటా మార్కెట్ బయటో, గుంటూరు మిర్చి యార్డు గేటు దగ్గరో తెల్లవారుజామున నిలబడితే కనిపించేవి ఎక్కువగా ఇవే. పాత బొలెరో పికప్ ఉంది, దాని తర్వాత వచ్చిన బొలెరో మ్యాక్స్ పికప్ ఉంది. మ్యాక్స్‌లో సిటీ రకాలు ఊరి లోపల తిరగడానికి, హెచ్‌డీ రకాలు దూరాలకు, బరువులకు. హెచ్‌డీ పక్కన ఉండే 1.3, 1.7, 2.0 అంకెలు సుమారుగా ఎన్ని టన్నులు మోస్తుందో చెబుతాయి. కొన్నిటిలో సీఎన్‌జీ దొరుకుతుంది.

మీరు రోజూ వేసే సరుకు బరువుదా, చోటు పట్టేదా అన్నది ముందు చూసుకోండి. టమాటా క్రేట్లకు బరువుకన్నా ముందు చోటు నిండుతుంది, తొట్టి పొడవు ముఖ్యం. సిమెంటు, ఇనుముకు చోటు మిగిలినా బరువు నిండిపోతుంది. రాసిన బరువుకు మించి వేస్తే పోలీసు జరిమానా ఒక్కటే కాదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గర క్లెయిమ్ కష్టమవుతుంది.

జీతో, సుప్రో, వీరో – వీటిలో ఏది?

జీతో సందుల్లో తిరిగే బండి. కూరగాయలు, నీళ్ల క్యాన్లు, కిరాణా సరుకు, 600, 700 కిలోల దాకా. సుప్రో దాని మీద ఒక మెట్టు. వీరో 2024 సెప్టెంబరులో వచ్చింది, 1,600 కిలోల దాకా మోస్తుంది, డీజిల్, సీఎన్‌జీ ఉన్నాయి. క్యాబిన్ కారులా ఉంటుంది, డ్రైవర్‌కు ఎయిర్‌బ్యాగ్ ఇచ్చారు. రోజుకు పన్నెండు గంటలు స్టీరింగు ముందు కూర్చునే మనిషికి ఆ మాత్రం రక్షణ ఉండాలి. ఈ ధరల బండ్లలో ఆ మాట ఇంకా అందరూ పట్టించుకోవడం లేదు.

కార్ లైసెన్సుతో ట్రాలీ నడపొచ్చా?

నడపొచ్చు. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది: ఎల్ఎంవీ (కారు లాంటి తేలిక వాహనాల) లైసెన్సు ఉన్నవాళ్లు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని విడిగా ట్రాన్స్‌పోర్ట్ ఎండార్స్‌మెంట్ లేకుండా నడపొచ్చు. జీతో, వీరో, బొలెరో పికప్‌లు అన్నీ ఈ హద్దు లోపలివే. బ్లేజో లాంటి పెద్ద లారీకి హెవీ లైసెన్సు ఉండాల్సిందే.

బొలెరో క్యాంపర్ ఇంటికీ, పొలానికీ కలిపి పనికొస్తుందా?

ముందు అయిదుగురు, వెనక తొట్టిలో సరుకు. ఎరువుల బస్తాలు, స్ప్రేయర్లు, కూలీల్లో ఒకరిద్దరు ఉండే రైతుకు అనువైనదే. కానీ ఇది సరుకు బండిగా రిజిస్టర్ అవుతుంది. ఎల్లో బోర్డు, ఫిట్‌నెస్, పర్మిట్ సంగతులు కారు యజమాని ఎరగనివి. సస్పెన్షన్ బరువు కోసం చేసింది కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడు ఎత్తేస్తుంది. గర్భిణిని, ముసలివాళ్లను దూరం తీసుకెళ్లే బండి కాదు. తొట్టిలో మనుషుల్ని ఎక్కించడం ఎప్పుడూ చేయొద్దు. కూలీలతో నిండిన ట్రాలీలు బోల్తా పడిన వార్త లేని సీజన్ లేదు మన దగ్గర.

పెద్ద లారీల్లో మహీంద్రా ఉందా?

ఉంది. అమెరికా కంపెనీ నావిస్టార్‌తో కలిసి మొదలుపెట్టి, తర్వాత వాళ్ల వాటా కొనేసి సొంతంగా నడుపుతోంది. మధ్య రకానికి ఫ్యూరియో, భారీ రకానికి బ్లేజో ఎక్స్. బ్లేజో 2016లో వచ్చినప్పుడు ఎక్కువ మైలేజీ రాకపోతే లారీ వెనక్కి ఇచ్చేయమని కంపెనీ మాట ఇచ్చింది. అందులో ఒక స్విచ్ ఉంటుంది. లోడు, ఎత్తును బట్టి డ్రైవర్ ఇంజన్ బలాన్ని మార్చుకోవచ్చు. 2025లో ఎస్ఎంఎల్ ఇసుజులో మెజారిటీ వాటా కొన్నారు, ఇప్పుడది ఎస్ఎంఎల్ మహీంద్రా. స్కూలు బస్సులు, మధ్య రకం ట్రక్కులకు అది పాత పేరు. లారీ కొనేవాళ్లు మైలేజీ కన్నా ముందు మీ రూట్‌లో సర్వీస్ సెంటర్లు ఎంత దూరానికొకటి ఉన్నాయో చూసుకోండి. ఆగిపోయిన లారీకీ ఈఎంఐ ఆగదు.

## కొన్న తర్వాత

డ్యాష్‌బోర్డు మీద డీపీఎఫ్ లైటు వెలిగింది. ఆపేయాలా?

ఆపొద్దు, పట్టించుకోకుండా తిరగనూ వద్దు. ఫిల్టర్‌లో మసి పేరుకుందని అర్థం. మాన్యువల్‌లో చెప్పిన ప్రకారం హైవే మీద 15, 20 నిమిషాలు ఒకే వేగంలో నడిపితే వేడికి మసి కాలిపోతుంది. మధ్యలో ఇంజన్ ఆపకండి. లైటు మెరుస్తున్నా, బలం తగ్గినా నేరుగా సర్వీసుకు వెళ్లండి. డీపీఎఫ్ పీకేయిస్తానని చెప్పే గ్యారేజీ వాళ్ల మాట వినొద్దు. అది చట్టవిరుద్ధం, పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర, వారంటీ దగ్గర రెండు చోట్లా ఇరుక్కుంటారు.

స్కార్పియోకు ముందు ఇనుప గార్డు, నల్ల ఫిల్మ్ వేయించుకోవచ్చా?

గార్డు వద్దు. 2017 డిసెంబరులో కేంద్రం వీటిని నిషేధించింది. గుద్దుకున్నప్పుడు ముందు భాగం నలిగి దెబ్బను మింగాలి, గార్డు ఆ దెబ్బను నేరుగా చట్రానికి పంపుతుంది, ఎయిర్‌బ్యాగు సెన్సర్ల లెక్క తప్పిస్తుంది. ఎదురుగా ఉన్న బైకువాడికి అది ఇంకా ప్రమాదం. నల్ల ఫిల్మ్‌లను 2012లోనే సుప్రీంకోర్టు వద్దంది.

సెకండ్ హ్యాండ్ బొలెరో, స్కార్పియో చూస్తున్నా. ఏం చూడాలి?

పైన పెయింటు మెరుపు చూసి మురిసిపోకండి. బండిని లిఫ్టు మీద ఎత్తించి కింద చట్రం మొత్తం టార్చి వేసి చూడండి. వెల్డింగ్ అతుకులు, వంకర, కొత్తగా పూసిన నల్ల రంగు కనిపిస్తే వదిలేయండి. చట్రం దెబ్బతిన్న బండి మళ్లీ తిన్నగా నడవదు. తీర ప్రాంతం బండ్లకు తుప్పు ఎక్కువ. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఇంజన్ స్టార్టు చేయించి పొగ, శబ్దం గమనించండి. ఎంపరివాహన్ యాప్‌లో ఫైనాన్స్ మిగిలి ఉందేమో చూసుకోండి. తెలంగాణ బండిని ఆంధ్రకు, ఆంధ్ర బండిని తెలంగాణకు తెచ్చుకుంటే ఎన్‌ఓసీతో పాటు లైఫ్ ట్యాక్సు లెక్క ముందే ఆర్టీఏ దగ్గర కనుక్కోండి.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో మహీంద్రా దొరుకుతుందా?

ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాల్లో స్కార్పియో, ఎక్స్‌యూవీ 700, పికప్‌లు అమ్ముతారు, స్టీరింగు మనలాగే కుడివైపు. అమెరికాలో రోడ్డు మీద తిరిగే మహీంద్రా కార్లు లేవు. 2018లో మిషిగన్‌లో బిగించిన రాక్సర్ అనే పొలాల జీపు తెచ్చారు, రూపం విషయంలో జీప్ బ్రాండ్ సొంతదారు కంపెనీ దాని మీద ఫిర్యాదు చేసింది. కాబట్టి డల్లాస్‌లో ఉన్నవాళ్లు ట్రాక్టర్ కావాలంటే మహీంద్రా డీలర్ దగ్గరికి వెళ్లొచ్చు. స్కార్పియో నడపాలంటే మాత్రం సెలవులకు ఊరొచ్చినప్పుడే.